ప్రశ్నలో లేనిది

"తప్పు."

మారెన్ తలెత్తి చూసింది. బల్లకి అవతల ఎవరో ముసలావిడ. నెత్తిన ఊలు టోపీ, చేతిలో ఫ్లాస్కు. ఎవరు పిలిచారని ఈవిడ నా ప్రశ్నల పుస్తకంలోకి తొంగిచూస్తోంది?

"ఏది తప్పు?"

"నువ్వు పెట్టిన టిక్కు. ముందుగా ఏం చేయాలి అని కదా అడిగింది? ఆ తర్వాతెప్పుడో చేయాల్సింది నువ్వు ముందే చేసేశావు."

అమెరికాలోని ఆ డులూత్ ఊరి లైబ్రరీలో గొంతు పెంచితే బాగుండదని మారెన్ ఊరుకుంది. వెనక పేజీలు తిప్పి జవాబు చూసింది. ముసలావిడ చెప్పిందే కరెక్టు.

ఒళ్ళు మండిపోయింది.

క్లినికల్ సోషల్ వర్కర్ లైసెన్సు పరీక్ష మారెన్ ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండోసారి మూడంటే మూడు మార్కుల తేడాతో! ఈసారీ పోతే కౌన్సెలింగ్ సెంటర్లో ఉద్యోగం ఊడినట్టేనని పై అధికారి మొహం మీదే చెప్పేశాడు. ఇంక నెల రోజులే ఉంది.

"పేరేంటమ్మాయ్?" ముసలావిడ ఎవరూ అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మారెన్."

ఫ్లాస్కు మూత తిప్పబోతున్న చేయి ఆగింది. ఆవిడ మారెన్ ఎడమచేతి చిటికెన వేలికేసి చూసింది. దానికి చివరి కణుపు లేదు.

"వేలికేమైంది?"

"చిన్నప్పుడు ఏదో అయిందట. నాకు గుర్తులేదు. అమ్మని అడిగితే మాట మార్చేస్తుంది."

ఆవిడ కాఫీ పోసి మారెన్ ముందుకి తోసింది.

"నా పేరు వెర్నా. రేపు కూడా ఇక్కడే కూర్చుంటావా?"

మర్నాడు మారెన్ వచ్చేసరికే ఆవిడ ఆ బల్ల దగ్గరుంది. ఆ మర్నాడూ అంతే. పనీ పాటా లేని మనిషిలా ఉంది, నాకు దొరికిందేంటి ఖర్మ అనుకుంది మారెన్.

"నువ్వెందుకు తప్పుతున్నావో తెలుసా?" అంది వెర్నా ఒకరోజు. "నీ ఉద్యోగంలో నువ్వు చేసేదే పరీక్షలో పెడుతున్నావు."

"అనుభవం కదండీ!"

"నీ అనుభవం ఎవడిక్కావాలి? ప్రశ్నలో లేనిది కలపకు. మనిషి ఏడుస్తున్నాడని ఉందా? ఏడుస్తున్నాడు, అంతే. పెళ్ళాం వదిలేసి పోయిందేమోనని నువ్వు కథలల్లకు."

"మీకివన్నీ ఎలా తెలుసు?"

"ఖాళీగా ఉన్నదాన్ని. పుస్తకాలు తిరగేస్తుంటాను."

విసుక్కుంటూనే వింది మారెన్. మార్కులు పెరుగుతుంటే వినక ఏం చేస్తుంది?

పరీక్ష గురువారం. సోమవారం మధ్యాహ్నం ఆఖరి పాఠం.

"మూడేళ్ళ పాప ఇంట్లో ఒక్కతే ఉంది. నడి చలికాలం. హీటర్ పనిచేయడం లేదు. పై అధికారి ఫోన్ ఎత్తడం లేదు. సోషల్ వర్కర్ ముందుగా ఏం చేయాలి?" మారెన్ గబగబా చదివింది. "పోలీసులకి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా పాప దగ్గరే ఉండాలి. నాలుగో జవాబు చూడండి, పాపని తన ఇంటికి తీసుకుపోవాలట! ఎవరు పెడతారండీ దీనికి టిక్కు?"

"రోడ్లు మంచుతో మూసుకుపోయాయి, రేపటిదాకా రాలేం అన్నారనుకో పోలీసులు?"

"ప్రశ్నలో లేనిది కలపకూడదు! మీరే కదా చెప్పారు?" మారెన్ పకపకా నవ్వింది. ఇన్నాళ్ళకి ఈవిడ మీద ఒక మాట గెలిచింది మరి.

వెర్నా నవ్వలేదు.

"పాప పెదాలు నీలంగా మారిపోతుంటేనో?"

"అయితే మాత్రం? కోర్టు కాగితం లేకుండా పరాయి బిడ్డని సొంతింటికి మోసుకుపోతారా? ఇలాంటివాళ్ళ వల్లే మనకి చెడ్డపేరు. లైసెన్సు పీకి పారేయాలి!"

వెర్నా ఫ్లాస్కు మూత బిగించబోయింది. ఎంత తిప్పినా మర పడలేదు. చివరికి అలాగే సంచిలో పెట్టుకుని లేచింది.

"కరెక్టు. పరీక్షలోనూ అదే పెట్టు. మార్చకు."

మంగళ, బుధవారాలు ఆవిడ రాలేదు. పరీక్ష హడావిడిలో మారెన్ పట్టించుకోలేదు.

గురువారం అచ్చం అలాంటి ప్రశ్నే వచ్చింది. మారెన్ తడుముకోలేదు. నాలుగు గంటల తర్వాత కంప్యూటర్ తెర మీద పాసయినట్టు చూసి కుర్చీలోనే భోరుమంది.

శుక్రవారం బ్లూబెర్రీ పై అనే పళ్ళ మిఠాయి పట్టుకుని లైబ్రరీకి పరిగెత్తింది. బల్ల ఖాళీగా ఉంది.

"వెర్నా కోసమా?" కౌంటర్లో ఉన్నతను గొంతు తగ్గించాడు. "మంగళవారం పోయారమ్మా. ఎప్పట్నుంచో గుండె జబ్బు. రేపు చర్చిలో ప్రార్థన."

మారెన్ తెచ్చినదాన్ని కౌంటర్ మీద పెట్టేసింది.

శనివారం మారెన్‌ని పెంచుకున్న తల్లి జూడిత్ కారులో దిగబెట్టడానికి వచ్చి, తనూ లోపలికి వచ్చింది. చర్చి కింది హాల్లో కాఫీ, హామ్ శాండ్‌విచ్‌లు పెట్టారు. గోడవార బోర్డు నిండా వెర్నా ఫోటోలు.

వయసులో ఉన్నప్పటి ఫోటో ముందు జూడిత్ కొయ్యబారిపోయింది.

"అమ్మా, నేను చెప్పానే, పాఠం చెప్పిందని... ఆవిడే."

"మిస్ మాకీ..." జూడిత్ ఫోటో మీద వేళ్ళు ఆనించింది. "దేవుడా, ఈవిడ పేరు వెర్నా అని నాకిప్పటిదాకా తెలీదే."

"నీకెలా తెలుసు ఈవిడ?"

జూడిత్ మారెన్ ఎడమచేయి అందుకుంది. కణుపు లేని వేలిని గుప్పిట్లో పెట్టుకుంది.

"తన వల్లే ఈవిడకిలా అయిందని తెలిస్తే పిల్ల జన్మంతా కుమిలిపోతుంది, ఎప్పటికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది. రోడ్లు మూసేశాం, రాలేం అని పోలీసులంటే, వేలి కొస చలికి చచ్చిపోయి, గడ్డకట్టిపోతున్న నిన్ను తన కోటులో చుట్టుకుని సొంతింటికి మోసుకుపోయింది ఈవిడేనే తల్లీ... ఆ ఒక్క తప్పుకే ఈవిడ లైసెన్సు పీకి పారేశారు."