సోన్‌గఢ్ వర్షపాతం

సోన్‌గఢ్ కోట మీది వాన కొలిచే యంత్రాన్ని రామలింగేశ్వరరావు పదకొండేళ్లుగా చూసుకుంటున్నాడు. దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

నెలకోసారి కొండెక్కి రీడింగు రాసుకురావడం అతని డ్యూటీ. మొదటి నెల మోకాలి నొప్పి వల్ల ఎక్కలేదు. సూరత్‌లో తన బాల్కనీలోంచి వానను అంచనా కట్టి, అక్కడ కొండ కదా అని కాస్త కలిపి పంపాడు. ఎవరూ ఏమీ అనలేదు. రెండో నెల నొప్పి లేదు. అయినా ఎక్కలేదు. పోనుపోను ఆ యంత్రం అతని మనసులో స్పష్టంగా కనిపించసాగింది. ఒక ఏడాది రిపోర్టులో దాని మూతకు తుప్పు పట్టించాడు. మరుసటి ఏడాది రంగు వేయించాడు.

పైఆఫీసులో ఆ రీడింగులు చూసే భానుప్రకాశ్ ఏనాడూ ప్రశ్న వేయలేదు. రావు బదిలీని రెండుసార్లు ఆయనే ఆపించాడు. పనిమంతుడికి ఎప్పటికైనా విలువ ఉంటుందని రావు అప్పుడు నిజంగానే నమ్మాడు.

ఇప్పుడు భానుప్రకాశ్ సూరత్‌కే అధికారిగా వచ్చాడు. రావు రిటైర్మెంటుకు ఇంకా మూడు నెలలుంది. వచ్చిన వారానికే, ఆదివారం ఇద్దరం సోన్‌గఢ్ వెళ్లొద్దామన్నాడు.

సూరత్ పక్కనే ఉన్న ఉధ్నా స్టేషన్‌లో రైలెక్కాక, యంత్రం ఎలా ఉందని భానుప్రకాశ్ ఒక్కసారి అడిగాడు. బాగానే ఉందన్నాడు రావు. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

పట్టుబడ్డానని రావుకు అర్థమైంది. ఉద్యోగం పోతుంది, పెన్షన్ పోతుంది, కేసు కూడా పెట్టవచ్చు. చిత్రంగా, భయంతోపాటే, ఇన్నాళ్లకు ఆ యంత్రాన్ని చూడబోతున్నానన్న ఆత్రం కూడా కలిగింది.

కొండ మీద సగం దూరంలో దారి రెండుగా చీలింది. భానుప్రకాశ్ ఆగాడు.

"మీరు ముందు నడవండి రావుగారూ. మీకు అలవాటేగా."

ఇది పరీక్షే అనుకున్నాడు రావు. జనం వెళ్తున్న వైపు నడిచాడు.

పైన పాత బురుజు, కూలిన గోడలు, సెల్ఫీలు తీసుకుంటున్న కాలేజీ పిల్లలు. యంత్రం లేదు. అది ఉండాల్సిన దిమ్మె కూడా లేదు. రావుకు ప్రాణం లేచి వచ్చింది.

"దొంగలు పడ్డారు సార్. పోయిన నెల నేనొచ్చినప్పుడు ఇక్కడే ఉంది. దిమ్మెతో సహా పెకలించుకుపోయారు."

సాక్ష్యం ఉంటే మంచిదని, నిమ్మసోడా అమ్మే ముసలాయనను హిందీలో అడిగాడు. ఇరవై ఏళ్లుగా రోజూ ఇక్కడే కూర్చుంటున్నానని, అలాంటి యంత్రమేదీ ఈ కొండ మీద ఎప్పుడూ లేదని ముసలాయన చెప్పాడు.

రావు కూలిన గోడ మీద చతికిలబడ్డాడు. ఒప్పేసుకుందామని నోరు తెరిచాడు. భానుప్రకాశ్ వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

"చాలు రావుగారూ. ఇక్కడ యంత్రం బిగించకుండానే బిగించానని సంతకం పెట్టింది నేనే. ఆ లేని యంత్రానికి నెలనెలా రీడింగులు పంపిస్తూ పదకొండేళ్లుగా నన్ను బెదిరిస్తున్నారు. ఇంకా మీకేం కావాలో ఇక్కడే చెప్పేయండి."