ఎర్ర పీలికలు

ఎలిజబెత్ టీచరు ఆ రోజు కూడా ఒట్టి చేతులతోనే వచ్చింది.

"గూళ్లు?" అన్నాడు జట్టు నాయకుడు హరినాథ్.

"కనపల్యా సార్."

హరినాథ్ పళ్లు కొరికాడు.

ఎండాకాలం సెలవుల్లో హైస్కూలు సైన్సు టీచర్లకు శిక్షణ అది. జమ్మలమడుగు దగ్గర, నీళ్లు ఎండిన పెన్నలో తీతువు పిట్టల గూళ్లు వెతకాలి.

గూడంటే పుల్లలూ గడ్డీ ఉండవు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అందులో రాళ్ల రంగులోనే గుడ్లు. కనిపెట్టినవాళ్లు పక్కన పుల్ల గుచ్చి, ఎర్ర పీలిక కట్టి రావాలి.

"తల్లి పిట్ట మాయలాడి" అని శిక్షణ ఇచ్చే భారతి మేడం మొదటిరోజే చెప్పింది. "మనిషి అలికిడైతే గూడు వదిలి దూరంగా పోతుంది. ఒట్టి నేల మీద గుడ్లు పొదుగుతున్నట్టు కూర్చుంటుంది. మోసపోకండి."

ఎక్కువ పీలికలు కట్టిన జట్టు నాయకుడికి జిల్లాలో మిగతా టీచర్లకు పాఠం చెప్పే హోదా. దానికోసం హరినాథ్ ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు.

జట్టులో అందరూ ప్రొద్దుటూరు వాళ్లే. ఎలిజబెత్ టీచరు ఒక్కతే పులివెందుల వైపు మనిషి, చీటీల్లో వచ్చి పడింది. నల్ల గొడుగు, చేతిసంచి, తక్కువ మాట.

ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే.

"ఈ పీలికలు మనకా సార్, కాకులకా?"

అందరూ నవ్వారు.

"పిలకాయలకే చదవను నేర్పలేక చస్తాండాం. కాకులు నేర్చుకుంటాయా మేడం?" అన్నాడు లెక్కలూ ఫిజిక్సూ చెప్పే అబ్రార్.

"బుక్కులో ఉండేది చేయడమే మన పని" అన్నాడు హరినాథ్.

ఆమె మళ్లీ అడగలేదు.

ఆమెకు వంతు వచ్చిన నేల తుమ్మచెట్ల పక్కన. రోజూ అక్కడ ఒకేచోట గొడుగు వేసుకుని కూర్చునేది. తీతువు మాత్రం ఆ చుట్టుపక్కల గొంతు చించుకుని అరిచేది.

"పిట్ట ఊరికే అరుస్తాందా మేడం? గుడ్లుండాయి ఆడ."

"ఉండొచ్చు సార్. నాకు కనపల్యా."

"కండ్లు చూపిచ్చుకోపోండి."

"అట్లనే సార్."

ఆ నిమ్మళమే అతనికి మరీ మండింది. మర్నాడు తానే పోయి, ఆమె కూర్చున్న చోటు చుట్టూ రాయి రాయీ వెతికాడు. ఏమీ దొరకలేదు.

"నీడపట్టున కూర్చోవడానికి వచ్చినట్టుంది" అన్నాడు అబ్రార్.

సాయంత్రం హరినాథ్ భారతి మేడం దగ్గరికి పోయాడు.

"పనిదొంగ మేడం. ఆయమ్మ సున్నాలు మా జట్టు నెత్తిన పడతాండాయి. పంపిచ్చేయండి."

పంపించేశారు. సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ముద్దనూరు మీదుగా పోయే బస్సు ఎక్కేముందు ఆమె హరినాథ్ వైపు తిరిగింది.

"నా వంతు నేల ఇంకెవరికీ ఇయ్యొద్దు సార్. ఆడేం ల్యా. ఊరికే ఎండ."

"ఎవరు పోతారులేమ్మా ఆడికి" అని నవ్వాడు.

ఆఖరి రోజు పొద్దున్నే అందరూ ఏట్లోకి దిగారు, పిల్లలు లేచాయేమో చూద్దామని.

మొదటి పుల్ల మీద కాకి ఉంది. కింద పెంకులు.

రెండో పుల్ల దగ్గరా అంతే. ఆ తర్వాత దాని దగ్గరా, ఆ పై దాని దగ్గరా. ఏ జట్టు పుల్ల అయినా ఒకటే. పీలికలు గాలికి ఆడుతున్నాయి. గుంటలు ఖాళీ.

భారతి మేడం ఒక పెంకు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నేర్చుకున్యాయి సార్" అన్నాడు అబ్రార్.

"ఎవరు?"

"కాకులు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"లెక్క గూళ్లదే, పిల్లలది కాదు" అంది భారతి మేడం, ఎటో చూస్తూ. "ఎక్కువ కట్టింది మీరే హరినాథ్ గారూ. హోదా మీదే."

చప్పట్లు లేవు.

అప్పుడు తుమ్మచెట్ల వైపు తీతువు అరిచింది.

హరినాథ్ ఒక్కడే నడిచి పోయాడు. పుల్ల లేదు, పీలిక లేదు. గులకరాళ్లలోంచి తల్లి లేచింది. దాని వెనక, సన్నటి కాళ్ల మీద తూలుతూ, రాళ్ల రంగు పిల్లలు పరిగెత్తాయి.

అతను వెతికిన చోటు అది కాదు. అక్కడికి బాగా ఎడంగా ఉంది.

గొడుగు కింద ఎలిజబెత్ టీచరు అన్ని రోజులూ కూర్చున్నది, తల్లి పిట్ట కూర్చున్నట్టే, గూడు లేని చోట.