గురక ఆగని గుడారం

“ఎంత పెనుగాలికైనా ఇది చెక్కుచెదరదు మేడమ్!” గుడారంలోంచి వస్తున్న గురకని మించి అరిచాడు కొట్టాయన.

పరీక్షించి చూస్తానని అందులో దూరిన ఆమె మొగుడు పది నిమిషాలుగా నిద్రపోతున్నాడు. ఆమె దర్జీ. గుడ్డ తిరగేసి, కుట్లు లాగి చూసింది. గట్టివే. అప్పుడు అతని కాలు తట్టింది.

“భేషుగ్గా ఉంది. ఇద్దరికి సరిపోతుంది,” అన్నాడు అతను తల బయటపెట్టి.

“ఇద్దరెవరు?”

“నేనూ, నా సామానూ. బైకు ఎక్కితే నీకు నడుంనొప్పి కదా, కొండల్లో అంత దూరం ఏమొస్తావ్?”

“మీ వెనక కూర్చుంటేనే నొప్పి. దారిలో ఒక్క గోతినీ పలకరించకుండా వదలరుగా!” ఆమె కొట్టాయన వైపు తిరిగింది. “ఇదే రకంలో ఒక్కరు పట్టేవి రెండివ్వండి. రెండోది నా స్కూటర్‌కి కట్టుకుంటా.”

“స్కూటరా! ఆ కొండలెక్కుతుందా?” అన్నాడు మొగుడు.

“రోజూ బట్టల మూటలు మోస్తోంది. నేనో లెక్కా?”

అతను గుడారంలోంచి పూర్తిగా బయటికొచ్చాడు. ఇన్నేళ్లలో ఆమెని ఏదీ అంత వినయంగా అడగలేదు.

“పోనీ... రెండూ పక్కపక్కనే వేసుకుందామా?”

“వేసుకుందాం. రోడ్డుకి ఆ పక్కన మీరు, ఈ పక్కన నేను.”