సున్నా పెడితే

"సున్నా పెట్టమని నేను చెప్పినానా?"

"పెట్టొద్దని యాడన్నా రాసినారా?"

ఆ అరుపులకు దివాకర్ హెడ్‌ఫోన్‌ను చెవుల మీంచి కాస్త పైకి జరుపుకున్నాడు. అనంతపురంలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అతను మేనేజరుగా చేరింది ఈ వారమే. అతని జట్టులో ఉన్నది ఇద్దరు. ఇద్దరూ ఇంటి నుంచే పనిచేస్తారు. నెట్ అంతంతమాత్రం కాబట్టి కెమెరాలు పెట్టరు. వాళ్ళ మొహాలింకా చూడలేదు గానీ గొంతులు మాత్రం బాగా పరిచయమయ్యాయి.

సొంతూరు ఏదని అడిగితే వీరేష్ గుమ్మఘట్ట అన్నాడు. కృపాకుమారి తనకల్లు అంది. పాత అనంతపురం జిల్లాకు ఒకటి ఈ కొస, ఒకటి ఆ కొస. దేవుడే మంచి ఆలోచన చేశాడనుకున్నాడు దివాకర్.

గొడవంతా ఒక్క వాక్యం గురించి.

ప్రోగ్రాం మార్చిన ప్రతిసారీ వాడకానికి సిద్ధంగా కొత్త కాపీ ఒకటి తయారవుతుంది. దాన్ని బిల్డ్ అంటారు. పాత బిల్డులు కుప్పపడకుండా, ఎన్నింటిని దాచాలో చెప్పే గడి ఒకటి వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. వాడేవాళ్ళకు అర్థం కావాలని ఆ గడి కింద కృపాకుమారి ఒక వాక్యం రాసింది.

'సున్నా ఇచ్చినచో నిలవ వర్తించదు.'

నిలవ లెక్కే మనకు వర్తించదు, అన్నీ భద్రంగా ఉంటాయి అనుకుని వీరేష్ సున్నా పెట్టాడు. అసలు నిలవే వద్దన్నాడని కంప్యూటర్ అనుకుంది. కంపెనీ బిల్డులన్నీ క్షణంలో మాయమయ్యాయి. అసలు ప్రోగ్రాం ఉంది కాబట్టి కిందా మీదా పడి మళ్ళీ తయారుచేసుకున్నారు. కానీ ఈ సాఫ్ట్‌వేర్ రేపు కస్టమర్ల చేతికి వెళ్తోంది. వాళ్ళూ సున్నా పెడితే కంపెనీకి తాళమే.

"సాయంత్రంలోగా వాక్యం మారాలి. ఇద్దరూ ఒప్పుకున్నదే పెడతాం" అన్నాడు దివాకర్. అన్నాక, ఎందుకన్నానా అనుకున్నాడు.

"రాసుకోండి మేడం" అన్నాడు వీరేష్. "'సున్నా పెట్టొద్దు. పెడితే ఏడుస్తారు.'"

"అది సాయం చేసేదా, బెదిరించేదా? 'సున్నా అయితే ఏదీ ఉండదు.' ఇది పెట్టండి."

"ఏదీ అంటే ఏది? బిల్డా, లెక్కనా, నీ బుర్రా?"

"నా బుర్ర సంగతి నీకెందుకప్పా!"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. "గారూ... గారూ..." అని దివాకర్ ఇద్దరికీ కలిపి ఓ గౌరవం తగిలించబోయాడు. ఎవరూ వినిపించుకోలేదు.

"పోనీ, 'పాత బిల్డులు పోతాయి' అని రాస్తా" అంది కృపాకుమారి.

"యాడికి పోతాయి? రాయదుర్గం సంతకా?"

"నువ్వు తోలితే సంతకే పోతాయి!"

దివాకర్ నవ్వు బయటికి వినపడకుండా మైకు ఆపుకున్నాడు.

ఉన్నట్టుండి రెండు గొంతులూ ఆగిపోయాయి. తెర మీద ఇద్దరి పేర్లూ లేవు. రాజీనామాలే ఇక అనుకుని దివాకర్ తల పట్టుకున్నాడు. కాసేపటికి ఇద్దరూ తిరిగొచ్చారు.

"కరెంటు పోయింది సార్" అన్నాడు వీరేష్.

"నాకూ అంతే సార్" అంది కృపాకుమారి.

హమ్మయ్య, కోపం కాదు కరెంటు! దివాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. అయినా అనుమానం తీరక కృపాకుమారికి విడిగా ఫోన్ చేశాడు.

"వీరేష్‌తో మరీ కష్టంగా ఉంటే మిమ్మల్ని వేరే జట్టులోకి మారుస్తానమ్మా."

"వద్దు సార్. ఆయప్పతో వేగేది నాకు అలవాటైపోయింది."

తర్వాత వీరేష్‌కు చేశాడు. "ఆవిడ మాటలు పట్టించుకోకండి."

"పట్టించుకోకుంటే నాకు కూడు పుట్టదు సార్."

పాపం, ఉద్యోగమంటే ఎంత భయమోనని దివాకర్ జాలిపడ్డాడు.

మళ్ళీ ముగ్గురూ మీటింగులో కూర్చున్నారు. ఇంతలో హెడ్‌ఫోన్‌లో దూరంగా హారన్ వినపడింది.

"వీరేష్ గారూ, నీళ్ళ ట్యాంకరొచ్చినట్టుండాది. మీరు పోయి పట్టుకోండి. అంతవరకు వాక్యం నేను సూస్తాంటా" అంది కృపాకుమారి.

దివాకర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. గారూ అంది! తోటి ఉద్యోగి నీళ్ళ కష్టం గమనించింది! ఇక ఆశ ఉంది.

వీరేష్ రొప్పుతూ తిరిగొచ్చేసరికి ఆమె చదవడం మొదలుపెట్టింది. "'సున్నా పెడితే పాత బిల్డులన్నీ చెరిగిపోతాయి. మళ్ళీ రావు.'"

వీరేష్ రొప్పుతూనే ఆ వాక్యాన్ని మళ్ళీ ఓసారి పైకి అనుకున్నాడు.

"బాగుండాది. మరి, అన్నీ ఉంచుకోవల్లనుకునేవాడు ఏం చేయల్ల?"

ఈసారి ఆమె కసురుకోలేదు. "అవును... ఆ మాటే రాయలేదు సూడు. 'అన్నీ ఉంచాలంటే గడిని ఖాళీగా వదిలేయండి.'"

"ఇదీ వాక్యమంటే!"

"నువ్వడిగినందుకే వచ్చింది."

"రాసింది నువ్వు కదా."

దివాకర్ ఆనందం పట్టలేక కాళ్ళతో నేలను తన్నాడు. చక్రాల కుర్చీ అతన్ని గోడదాకా తీసుకుపోయింది. హెడ్‌ఫోన్ ఊడి మెడలో వేలాడింది. అట్లాగే కాళ్ళతో తోసుకుంటూ బల్ల దగ్గరకు వచ్చి వాక్యాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాడు. చేరిన వారంలోనే నిప్పుకూ నీళ్ళకూ సంధి కుదిర్చాడు! తన మీద తనకే ముద్దొచ్చింది.

"రేపు ఇద్దరూ ఆఫీసుకు రండి" అన్నాడు. "ఎదురెదురుగా కూర్చుంటే మనిషికి మనిషి అర్థమవుతాడు. ఒకరికొకర్ని నేనే పరిచయం చేస్తా. బిర్యానీ కూడా నాదే!"

"అట్లనే సార్" అన్నాయి రెండు గొంతులూ ఎంతో వినయంగా.

దివాకర్ లైన్లోంచి తప్పుకోగానే కృపాకుమారి వంటింట్లోంచి పక్కగదిలోకి తొంగిచూసి, "ఏమప్పా, సార్ పరిచయం చేసేటప్పుడు మన పెండ్లి ఫోటో సూపిద్దామా?" అంది.