బోణీ తట్టు

అనకాపల్లి వీధుల్లో ఇప్పుడు కొట్లు లేవు, అన్నీ క్లౌడ్‌లోనే. ఆర్డరొస్తే ఎగిరే బుట్ట వచ్చి గుమ్మం ముందు నుంచి సరుకు పట్టుకుపోతుంది. రాత్రి బేరాలు ఆగగానే క్లౌడ్ కంపెనీ ఆ కొట్ల యాప్‌లను నిద్రపుచ్చుతుంది. పొద్దున్న మొదట యాప్‌ని తట్టినవాళ్లు అది లేచేదాకా కాచుకోవాలి. కొనేవాళ్లకి అంత ఓపిక ఉండదు, ఇంకో యాప్‌కి పోతారు. ఎవరి యాప్ వాళ్లు తట్టుకుంటే అది లేవదు. అందుకే ఇరుగుపొరుగులు తెల్లారగానే ఒకరిది ఒకరు తట్టి లేపుతారు. దాన్నే బోణీ అంటారు.

దోసెల పిండి అమ్మే పైడమ్మకి, గోడ అవతల జాకెట్లు కుట్టే వరహాలే రోజూ బోణీ. నిన్న సాయంత్రం వరహాలు గోడ మీంచి, "పిండి పులిసిపోనాది వదినా" అంది. పైడమ్మకి ఒళ్లు మండింది.

"నీ జాకెట్టు సంకలో పట్టేస్తంటే నానేటన్నానా?" అని తలుపేసుకుంది.

ఇవాళ వరహాలు తడుతుందా? పిండి గిన్నె అంచు దాటి పొంగుతోంది. పైడమ్మ కలుపుతూనే ఫోను వంక బిక్కుబిక్కుమంటూ చూస్తోంది.

ఫోను మోగింది. యాప్ లేచింది. తట్టింది వరహాలే. కింద ఆర్డరు కూడా పెట్టింది: "కిలో పిండి. పులవనిది."

పైడమ్మ మూతి ముడుచుకుంది. ఆ తర్వాత గుర్తొచ్చింది, వరహాలు యాప్‌ని తనింకా లేపనేలేదని. చేతులనిండా పిండి. మోచేత్తోనే తట్టింది.

గోడ అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఇప్పటికి తెల్లారిందేటి వదినా, నీకు?"