పసరు పోసేదాకా

తడి తువ్వాలతో తల్లి ముఖాన్ని గట్టిగా తుడిచాడు నగేశ్. పసుపంతా తువ్వాలకు వచ్చింది. ముఖం మాత్రం పచ్చగానే ఉంది.

"గందుకేనా అవ్వా, కండ్లెత్తి చూస్తలేవు?"

సాలవ్వ జవాబివ్వలేదు. కామెర్ల పసరు నూరడం మొదలుపెడితే, పోయడం అయ్యేదాకా నోరు విప్పకూడదు. విప్పితే ఆ మందు పనిచేయదు. అత్త దగ్గర నేర్చుకున్న నాటి నుంచి ఏ ఆదివారమూ ఆమె ఆ నియమం తప్పలేదు. ఎడమచేత్తో మెడ గోక్కుంటూ కుడిచేత్తో ఆకు నూరుతోంది.

"కామారెడ్డి డాక్టర్‌కు ఫోన్ చేసిన. రాత్రి చలిజ్వరం, ఒకటే దురద అంటె, ముఖం పచ్చగైందా చూడు అన్నడు. రాళ్లున్నయని పిత్తం సంచి తీసిండ్రు గద, ఆడ పిత్తం పోయే నాళం మూసుకపోయి ఉంటదంట. ఇయ్యాల్నే చూపియ్యకుంటె పానం మీదికొస్తదంట. ఆటో మాట్లాడిన, లే."

ఆమె తల అడ్డంగా ఊపి గుమ్మం వైపు చూపించింది. బయట అరుగు మీద పసరు కోసం వచ్చినవాళ్లు అసహనంగా కదులుతున్నారు.

"వాళ్లేమనుకుంటరనా? ఆపరేషన్‌కు పోయినప్పుడు గూడ చుట్టాలింటికి పోయిందని చెప్పిస్తివి."

రాయి చప్పుడు ఎక్కువైంది.

"సరే. గంత నమ్మకముంటె నీ మందు నువ్వే తాగు. నా ముంగట తాగు."

రాయి ఆగింది. సాలవ్వ చూపు మూలనున్న చెంబు మీద పడి, చటుక్కున పక్కకు తప్పుకుంది. నగేశ్ చెంబు అందుకుని వాసన చూశాడు. అడుగున పసరు.

"తాగుతనే ఉన్నవా?"

ఆమె మళ్లీ మెడ గోక్కుంది. గోళ్ల వెంట సన్నగా నెత్తురు వచ్చింది.

తలుపు సందులోంచి బీర్కూర్ మైసన్న తొంగిచూశాడు. "అవ్వా, నాకు జెర జల్ది పొయ్యవ్వా. పోయిన వారం తాగిన, తగ్గుతలేదు. రాత్రంత గోక్కునుడే. నా నమ్మకంల ఏమన్న కొరతుందో ఏమో."

సాలవ్వ అతని కళ్లలోకి చూసింది. పొద్దున అద్దంలో కనిపించిన పచ్చటి కళ్లే. పసరు గిన్నె పట్టుకుని లేచింది. మైసన్న గుమ్మంలోనే కూర్చుని దోసిలి పట్టాడు. అరుగు మీదివాళ్లు గుమిగూడారు. నగేశ్ చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

గిన్నె దోసిలి మీదికి వంగింది. అక్కడే ఆగిపోయింది.

"నగేశా," అంది సాలవ్వ, అరుగు మీది వాళ్లందరికీ వినపడేలా, "ఆటోల మైసన్నకు గూడ జాగ ఉంచు."