నరసమ్మ పెట్టిన సెట్టింగులు

రూటరు మొండికెయ్యడానికి కారణం నరసమ్మే. అందులో సింహాద్రికి అనుమానమేమీ లేదు. ఇంట్లో దీపాలు, నీళ్లు, పొయ్యి, కిటికీలు అన్నీ దాని చెప్పుచేతల్లోనే ఉంటాయి. దాని నిండా ఏవేవో సొంత సెట్టింగులు పెట్టి, మొగుడైన తనకొక్క మాటైనా చెప్పకుండా ఆవిడ పోయిన ఏడు కన్నుమూసింది. ఇప్పుడు రూటర్ని లోపల్నించి నడిపించే పాత ఫర్మ్‌వేర్ మార్చకపోతే ఇంట్లో ఏదీ పనిచెయ్యదట.

మార్చడానికి వచ్చిన హైమ మీద, ఆలస్యం చేసిందని గుమ్మంలోనే కేకలేశాడు. ఆమె నవ్వేసి పనిలోకి దిగింది.

"కొత్తది ఎక్కిస్తే పాతవన్నీ చెరిగిపోతాయి బాబాయ్. ఏవి ఉంచాలో మీరే చెప్పాలి. చదువుతాను, వినండి."

"కానీ. అన్నీ చెత్తే."

"కుక్కరు మూడు కూతలెయ్యగానే పొయ్యి ఆపాలి."

"ఉంచు."

"సాయంత్రం కరివేపాకు మొక్కకి నీళ్లు."

"ఉంచు. ఇంకా ఏటున్నాయి?"

హైమ గొంతు తగ్గింది. "ఆయన గొంతు లేస్తే వీధివైపు కిటికీలు మూసెయ్యాలి. పక్కింటోళ్ల దగ్గర ఆయన మర్యాద పోకూడదు." పక్కనున్న తేదీలు చూసి అంది: "పెట్టి పద్నాలుగేళ్లయింది. ఆఖరుసారి పనిచేసింది ఇందాకే."

సింహాద్రి తలెత్తి చూశాడు. పట్టపగలు కిటికీలు నాలుగూ మూసి ఉన్నాయి. గాలికి పడుతున్నాయనే ఇన్నేళ్లూ అనుకున్నాడు.

"తీసేమంటారా బాబాయ్?"

ఉంచమంటే తన కేకలు నిజమని ఈ పిల్ల ముందు ఒప్పుకున్నట్టే. తీసెయ్యమంటే నరసమ్మ కాపాడిన పరువు వీధిన పడుతుంది. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఉంచు."

"పిన్ని ఎంత..."

"నీ పని చూసుకుని వెళ్లమ్మా," అన్నాడు మెల్లగా. "ఈ మాట మళ్లీ నేనెత్తను. నన్నెవరూ అడగొద్దు."